సకురా నో సోనో: నాటకం గురించిన కథలో నాటకం ఎందుకు కనపడదు?

చివరిబెంచీ | శనివారం రాత్రి 11:20

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఇక్కడ మీరంతా రాసేవి చదువుతున్నాను, నేను రాయడం ఇదే మొదలు. ఇవాళ రాయకపోతే నిద్రపట్టేలా లేదు.

అకిమి యోషిదా గారి మాంగా (జపాన్ బొమ్మల కథ) "సకురా నో సోనో" ఇందాకే పూర్తి చేశాను. ఆవిడ పేరు నా వయసు వాళ్ళకి తెలిసింది 2018లో వచ్చిన బనానా ఫిష్ యానిమే (జపాన్ యానిమేషన్ సిరీస్) వల్లే. న్యూయార్క్ వీధులు, తుపాకులు, ముఠాలు. ఆ కథ మాంగాగా మొదలైంది 1985లో. సరిగ్గా అదే ఏడాది ఆవిడ లాలా పత్రికలో ఆడపిల్లల బడి నాటక బృందం గురించి ఈ చిన్న కథ కూడా మొదలుపెట్టారు. ఒకే ఒక్క సంపుటం, నాలుగు అధ్యాయాలు. నేను ఎన్‌3 జపనీస్ భాష పరీక్షకి చదువుతున్నాను కాబట్టి నిఘంటువు పక్కన పెట్టుకుని రోజుకి నాలుగైదు పేజీల చొప్పున రెండు నెలలు చదివాను. ఎంత నెమ్మదిగా చదివానో అంత లోపలికి దిగిపోయింది.

తెలియని వాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో. ఆ బడిలో ఏటా వసంతంలో, బడి స్థాపించిన రోజున, నాటక బృందం రష్యా రచయిత చెహోవ్ నాటకం "చెర్రీ తోట" వెయ్యడం ఆనవాయితీ. ఏ ఏడాదైనా అదే నాటకం. ఆ బృందంలోని నలుగురు అమ్మాయిలు ఒక్కొక్కరూ ఒక్కో అధ్యాయం: నకానో, సుగియామా, షిమిజు, కురాతా.

నా సందేహం ఇది. నాటక బృందం కథ అన్నాక నాటకం బాగా చూపిస్తారనుకున్నాను. కానీ ఆవిడ మనసంతా నాటకం చుట్టుపక్కలే ఉంది. రిహార్సల్ అయ్యాక ఇంటికి వెళ్ళే దారి, అక్క పెళ్ళి హడావిడి, కిటికీ దగ్గర మాటలు. ఎందుకలా? ఇంకోటి, షిమిజుకి కురాతా మీద ఉన్నది ఏమిటి? స్నేహమా, ప్రేమా? మీరెలా చదివారు?

మాంగాగూడు | శనివారం రాత్రి 11:58

స్వాగతం చెల్లీ. మొదటి పోస్టే ఇంత బాగా రాశావు.

నేను ఇది చదివి ఆరేళ్ళయింది. ఉన్నమాట చెప్పనా, నాకు అప్పుడు ఆకలి తీరలేదు. నాటకాల మాంగా అంటే నాకు కొలబద్ద గ్లాస్ మాస్క్. సుజుఎ మియుచి గారు 1976లో మొదలుపెట్టారు, 49 సంపుటాలు వచ్చాయి, కథ ఇంకా ముగియలేదు. అందులో కథానాయిక మాయా వేదిక ఎక్కిందంటే పేజీలకి పేజీలు నాటకమే. డైలాగులు, చూసేవాళ్ళ ముఖాలు, పక్క నటి గుండెదడ, అన్నీ కనిపిస్తాయి. ఇప్పటివాటిలో అయితే కగెకి షోజో ఉంది. తకరాజుకా లాంటి స్త్రీల నాటక సంస్థకి చెందిన శిక్షణ బడిలో చేరిన అమ్మాయిల కథ. 178 సెంటీమీటర్ల పొడుగున్న సరసా మగవేషాల్లో మేటి కావాలని కలగంటుంది. 2021లో యానిమే కూడా వచ్చింది.

వాటి పక్కన పెడితే సకురా నో సోనోలో జరిగేదేమీ లేదనిపించింది. నీ రెండో ప్రశ్నకి నా జవాబు: అది ఆ వయసులో పుట్టే ఆరాధన. జపాన్ ఆడపిల్లల బళ్ళలో పెద్ద తరగతి అక్కల మీద, మగవేషాలు వేసే పొడుగు అమ్మాయిల మీద అలాంటి ఇష్టాలు మామూలే. బడి దాటగానే పోయేవి.

యోకొహామా_నుంచి | ఆదివారం ఉదయం 7:15

ఇక్కడ ఉద్యోగం చేస్తూ తొమ్మిదేళ్ళయింది. ఈ పుస్తకం పాత పుస్తకాల కొట్టులో చిన్న సైజుది దొరికితే కొన్నాను, మా ఆవిడ నాకంటే ముందు చదివేసింది. జరిగేదేమీ లేదన్న మాట దగ్గర నాకూ కొంత చెప్పాలనుంది. ముందు పేరు సంగతి.

చెహోవ్ నాటకాన్ని జపనీస్‌లో సకురా నో సోనో అనే అంటారు. మామూలుగా ఇవాళ అందరూ రాసే "సకురా" అక్షరంతో రాస్తారు. యోషిదా మాత్రం తన పుస్తకానికి పాతకాలపు అక్షరం పెట్టారు, గీతలు ఎక్కువున్నది, యుద్ధానికి ముందు వాడుకలో ఉన్నది. అట్ట చూడగానే జపాన్ వాళ్ళకి పాత బడి గేటు మీద చెక్కిన పేరు గుర్తొస్తుంది.

ఇంకోటి. చెహోవ్ తోటలోవి కాయలు కాసే చెట్లు. ముసలి నౌకరు ఫిర్స్ చెబుతాడు కదా, ఒకప్పుడు ఆ కాయలు ఎండబెట్టి బళ్ళకెత్తి మాస్కోకి, ఖార్కోవ్‌కి పంపేవాళ్ళమని. సకురా, అంటే జపాన్ పూల చెర్రీ, అలా కాదు. పూస్తుంది, రాలుతుంది, అంతే. జపాన్‌లో విద్యా సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది, సరిగ్గా పూత సమయం. ఒక్కో చెట్టుకి పూలు నిలిచేది వారం, మహా అయితే పది రోజులు. ఆ పూల కింద కొత్త తరగతిలో అడుగుపెట్టిన పిల్లలు, చివరి ఏడాది మొదలైందని తెలిసిన పిల్లలు. రష్యా నాటకం పేరు జపనీస్‌లోకి రాగానే దాని అర్థమే కొంత మారిపోయింది. ఆ మారిన అర్థం మీద యోషిదా కథ నిలబెట్టారు.

అధ్యాయాల పేర్లు కూడా చూడండి. నాలుగూ పూలవే. మొదటిది హనాబియె, అంటే పూలు విచ్చుకున్నాక ఉన్నట్టుండి వచ్చిపడే చలి. రెండోది హనాకురెనాయ్, పూల ఎరుపు. మూడోది హనాయొయ్, పూలు చూసి మత్తెక్కడం. నాలుగోది హనాఅరాషి, పూలు రాల్చే గాలివాన. వాటిని వరసగా చదివితే ఒక వసంతం అయిపోతుంది. మొన్న ఏప్రిల్ మొదటివారంలో స్వెటర్ మళ్ళీ తీసి వేసుకుంటుంటే మా ఇంటి ఓనరమ్మ "హనాబియె కదా" అంది. పుస్తకంలో చదివిన మాట ఆవిడ నోట అంత మామూలుగా వచ్చేసరికి ఒళ్ళు జల్లుమంది.

చివరిబెంచీ | ఆదివారం ఉదయం 9:02

యోకొహామా అన్నయ్యా, అక్షరం తేడా నేను గమనించనే లేదు. అట్ట మీద గీతలు ఎక్కువున్నాయని, అది డిజైన్ అనుకున్నాను. థాంక్స్.

మాంగాగూడు అన్నా, నువ్వన్నది అర్థమైంది కానీ నాకు ఒప్పుకోబుద్ధి కావట్లేదు. ఎందుకో ఇంకా సరిగ్గా చెప్పలేకపోతున్నాను.

తెరవెనుక | ఆదివారం మధ్యాహ్నం 3:40

అమ్మాయ్, నేను మాంగాలు పెద్దగా చదవను. ముప్ఫై ఏళ్ళుగా పరిషత్తు నాటకాలకి లైటింగ్ చేస్తున్నవాణ్ణి. కానీ ఈ కథతో 1990లో షున్ నకహారా తీసిన సినిమా చూశాను, మా అబ్బాయి చూపించాడు. ఆ ఏడాది కినెమా జుంపో సినిమా పత్రిక ఉత్తమ జపాన్ చిత్రంగా ఎంచింది దాన్నే. ఆ తర్వాత నాలుగుసార్లు చూశాను. చెహోవ్ అయితే చిన్నప్పటినుంచీ ఉన్నాడు, మాస్కో నుంచి వచ్చే తెలుగు పుస్తకాల పుణ్యాన.

నీ మొదటి ప్రశ్నకి జవాబు చెహోవ్ దగ్గరే ఉంది. చెర్రీ తోట నాటకంలో అసలు జరిగేదేమిటి? అప్పుల్లో ఉన్న తోట ఆగస్టు 22న వేలానికి వస్తుంది. ఒకప్పుడు ఆ ఎస్టేటులోనే బానిసలుగా బతికిన కుటుంబం నుంచి వచ్చిన లొపాహిన్ దాన్ని కొంటాడు. చెట్లు నరికేస్తారు. ఇందులో ఏది వేదిక మీద చూపించాడు? వేలం చూపించలేదు. మూడో అంకంలో వేలం ఎక్కడో ఊళ్ళో జరుగుతుంటే మనం ఇంట్లో బాజాలు, డాన్సులు చూస్తాం. నరకడం చూపించలేదు. చివర్లో ఖాళీ ఇంట్లో ఫిర్స్ ఒక్కడూ పడి ఉంటే దూరం నుంచి గొడ్డలి దెబ్బ వినపడుతుంది, అంతే. పెద్ద సంఘటన ఎప్పుడూ తెర అవతలే. ఇవతల మనుషులు టీ తాగుతారు, గలోషుల (బూట్ల మీద తొడిగే రబ్బరు జోళ్ళ) కోసం వెతుక్కుంటారు, పెళ్ళి మాట ఎత్తబోయి వాతావరణం గురించి మాట్లాడతారు.

ఆ పిల్లల కథకి నాటకం వేలం లాంటిది. దాన్ని అవతల పెట్టి ఇవతల వాళ్ళని చూపించడమే చెహోవ్ పద్ధతి. సినిమా ఇంకో అడుగు ముందుకేసింది. తెర లేవడానికి ముందు రెండు గంటల సేపు జరిగేదే గంటన్నర సినిమా. నాటకం మొదలయ్యే సమయానికి సినిమా అయిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు చివరి నిమిషాల్లో నా చెయ్యి దానంతటదే డిమ్మర్ కోసం కుర్చీ చేతిని తడిమింది.

యోకొహామా బాబు చెప్పిన పూలచలి మాట చదివాక లేచి పుస్తకం తీశాను. చెర్రీ తోట మొదటి అంకం ఎలా మొదలవుతుంది? మే నెల, చెట్లన్నీ పూలతో తెల్లగా ఉన్నాయి, బయట మంచు పడుతోంది. మూడు డిగ్రీల చలి, పూలేమో విరగబూశాయి అంటాడు గుమాస్తా ఎపిఖోదోవ్. యోషిదా మొదటి అధ్యాయానికి ఆ పేరు ఊరికే పెట్టి ఉండరు.

మాంగాగూడు | ఆదివారం సాయంత్రం 5:10

సార్, వేలం మాట దగ్గర నన్ను ఆపేశారు. అలా ఎప్పుడూ ఆలోచించలేదు. నేను చెహోవ్ నాటకం చదవకుండానే మాంగా చదివాను, అది నా తప్పే.

ఒక్క మాట మాత్రం, కొత్తవాళ్ళు తికమక పడకుండా. సినిమా, మాంగా ఒకటి కాదు. షిమిజు జుట్టు పర్మింగ్ చేయించుకుని రావడం, ముందురోజు సిగరెట్ల గొడవలో సుగియామా పట్టుబడటం వల్ల ఆ ఏడాది నాటకమే ఆగిపోతుందేమోనని టెన్షన్, ఇవన్నీ కలిపి ఒకే ఉదయంలో కుదించింది సినిమా. మాంగా అలా ఒక్క రోజులో నడవదు. నకానో అధ్యాయంలో అక్క పెళ్ళి, తన బాయ్‌ఫ్రెండ్‌తో ఎంతవరకూ వెళ్ళాలన్న భయం, వాటికి కావలసినంత సమయం ఉంది. 2008లో అదే దర్శకుడు అదే పేరుతో ఇంకో సినిమా తీశారు, దాని కథ వేరు.

తెరవెనుక | ఆదివారం రాత్రి 8:25

నిజమే నాయనా, నేను చెప్పేది సినిమా సంగతే. ఇంకొక్కటి చెప్పి ఆపుతాను, ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైనది.

సినిమాలో వేషాలు ఎవరికి ఏవిచ్చారో చూడండి. షిమిజుది పనిమనిషి దున్యాషా వేషం. సుగియామాది నౌకరు యాషా. కురాతాది యజమానురాలు రానెవ్‌స్కయా. చెహోవ్ నాటకంలో దున్యాషాకి యాషా అంటే ప్రాణం. వాడికి లెక్కే లేదు. రెండో అంకంలో చుట్ట కాల్చుకుంటూ ఆవలిస్తుంటాడు, ఆ పొగకి ఈ పిల్లకి తలనొప్పి వస్తుంది. చివరికి వాడు పారిస్ వెళ్ళిపోతాడు, ఈ పిల్ల ఏడుస్తూ మిగిలిపోతుంది.

మేకప్ రూమ్‌లో ఇది మొత్తం తిరగబడింది. యాషా వేషం కట్టిన సుగియామా చూపు షిమిజు మీద. షిమిజు చూపు కురాతా మీద. వేదిక మీద చుట్ట కాల్చి ఎవరినీ లెక్కచెయ్యని యాషా, బయట సిగరెట్ల గొడవలో ఇరుక్కుని, ఎవరూ తనని సరిగ్గా చూడటం లేదని తెలిసినా ఏమీ అనని పిల్ల. ఈ అల్లిక ఎక్కడా మాటల్లో చెప్పరు. నాటకం తెలిసినవాడికి వేషాల జాబితా చాలు.

"నా చేతులు వణుకుతున్నాయి, పడిపోయేలా ఉన్నాను" అంటుంది దున్యాషా మొదటి అంకంలోనే. మన రిహార్సల్స్‌లో ఆ డైలాగు ఏ కొత్త పిల్లకిచ్చినా నవ్వుతూ చెబుతుంది. నాటకం రోజున మూడో గంట కొట్టాక చెప్పమంటే నిజంగా వణుకుతుంది.

చివరిబెంచీ | ఆదివారం రాత్రి 9:50

బాబాయ్ గారూ (అలా పిలవచ్చా?), మీ పోస్టు చదివి మళ్ళీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను.

సుగియామా గురించి మీరన్నది మాంగాలోనూ ఉంది. బడి అంతా ఆ అమ్మాయిని ముదిరిపోయిన పిల్ల అనుకుంటుంది. లోపల ఉన్న మనిషి వేరు. తన అధ్యాయంలో ఆమె ముఖం చాలా చోట్ల కొంచెం వంచి ఉంటుంది, కళ్ళు మాత్రం పక్కకి చూస్తుంటాయి. రెండు నెలల క్రితం నేను దాన్ని పొగరు అనుకున్నాను.

కృష్ణాతీరం | సోమవారం రాత్రి 10:35

నేను ఈ వేదికలో వంటల విభాగంలోనే ఎక్కువ కనిపిస్తాను. ఈ చర్చ శీర్షిక చూసి ఊరికే తెరిచాను. కురాతా గురించి ఎవరూ ఎక్కువ రాయలేదు కాబట్టి రాస్తున్నాను. మాంగా చదవలేదు, నిన్న మీ మాటలు చదివాక సినిమా చూశాను.

కురాతా పొడుగు అమ్మాయి. ఎప్పుడూ మగవేషాలే ఇచ్చారు. మొదటిసారి రానెవ్‌స్కయా వేషం, తెల్ల గౌను. ఆ గౌను వేసుకుని బయటికి రావడానికి ఆ పిల్ల ఎంత భయపడుతుందో చూసి నేను సినిమా ఆపేసి కాసేపు బాల్కనీలో నిలబడ్డాను.

నేను అయిదడుగుల తొమ్మిదంగుళాలు. మా డిగ్రీ కాలేజీ ఆడపిల్లల కాలేజీ. తాటిచెట్టు అనేవాళ్ళు. మొదటి ఏడాది వార్షికోత్సవానికి దుర్యోధనుడు. స్పిరిట్ గమ్‌తో మీసం అంటించారు, రెండు రోజులు పైపెదవి మండింది. రెండో ఏడాది సాంఘిక నాటికలో పోలీసు ఇన్‌స్పెక్టర్, మా ఎన్‌సీసీ మేడమ్ బెల్టు పెట్టుకున్నాను. మూడో ఏడాది నాటకం చూసుకునే మేడమ్ దగ్గరికి వెళ్ళి, చీర కట్టుకునే వేషం ఏదైనా ఇవ్వండి మేడమ్, ఇదే ఆఖరి ఏడాది అని అడిగాను. ఆవిడ నవ్వి సరేనన్నారు. బృహన్నల వేషం ఇచ్చారు.

విరాటుడి కొలువులో ఉత్తరకి నాట్యం నేర్పే బృహన్నల. అంటే ఆడవాళ్ళ బట్టల్లో ఉన్న అర్జునుడు. చీర అయితే దొరికింది, కానీ మగవాడు కట్టుకున్నట్టు ఎబ్బెట్టుగా కనిపించాలన్నారు. అది హాస్యం కోసం పెట్టిన ఘట్టం.

ఉత్తర వేషం కట్టిన అమ్మాయి నా బెంచీ పక్క బెంచీలో కూర్చునేది. మేకప్ రూమ్‌లో ఆ పిల్ల నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నోట్లో నాలుగు పిన్నీసులు పెట్టుకుని, కుచ్చిళ్ళు ఒక్కొక్కటీ సమంగా సర్దింది. నాకు ఆ చీర అంచు పాదాల దాకా సరిపోదని లోపల వేరే గుడ్డ కలిపి కుట్టింది ముందురోజే. ఆకుపచ్చ వెంకటగిరి చీర, వాళ్ళమ్మగారిది. అద్దంలో చూసుకుంటే నన్ను నేను గుర్తుపట్టలేదు. అయిదు నిమిషాల తర్వాత మేడమ్ వచ్చి, ఇలా కాదమ్మా, ఇంత చక్కగా ఉంటే ఎవరు నవ్వుతారు అని కుచ్చిళ్ళు లాగి చెదరగొట్టి, కొంగు నడుముకి బిగించి కట్టారు. ఆవిడ చెడ్డమనిషి కాదు, చాలా ప్రేమగా పాఠం చెప్పేవారు. వేదిక మీదికి వెళ్ళగానే హాలంతా నవ్వులు. ఈలలు కూడా వేశారు. నేను నా డైలాగులన్నీ తప్పు లేకుండా చెప్పాను. ఇంటికెళ్ళాక ఎవరితోనూ మాట్లాడలేదు.

తర్వాత పెళ్ళికి, పేరంటాలకి ఎన్నో చీరలు కట్టాను. అది వేరే. కురాతాని చూస్తుంటే ఆ అయిదు నిమిషాలు గుర్తొచ్చాయి.

యోకొహామా_నుంచి | మంగళవారం ఉదయం 6:50

కృష్ణాతీరం గారూ, మీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను. మీరు మాంగా కూడా తప్పకుండా చదవాలంటోంది. చివరి అధ్యాయం, పూలగాలివాన, పూర్తిగా కురాతాదే.

షిమిజు అధ్యాయం గురించి కూడా తను చెప్పమన్న మాట ఒకటి. తోటి పిల్లలందరికంటే ముందే ఒళ్ళు ఎదగడం, దాని గురించి ఎవరో అన్న మాటలు ఎన్నేళ్ళయినా ముల్లులా ఉండిపోవడం. మన ఇళ్ళలో పెద్దమనిషి అయితే వేడుక చేసి ఊరంతటికీ చెబుతారు, పిల్లకి అది ఇష్టమో కాదో ఎవరూ అడగరు. అక్కడ షిమిజుకి చెప్పుకోవడానికే ఎవరూ లేరు. రెండు చోట్లా పిల్ల ఒంటరిదే అంది మా ఆవిడ. అలాంటి షిమిజుకి తన పొడుగు చూసి తనే సిగ్గుపడే కురాతా ఎందుకు నచ్చిందో అందుకే తెలుస్తుంది. ఇద్దరికీ తమ ఒంటితోనే పేచీ.

తెరవెనుక | మంగళవారం ఉదయం 10:15

అమ్మా కృష్ణాతీరం, ఆ మేకప్ రూమ్‌లో నేనుంటే ఆ మేడమ్‌ని ఆపేవాణ్ణి. నవ్వు కావాలంటే నడకలో తెప్పించవచ్చు. బట్ట చెదరగొట్టి తెప్పించే నవ్వు నటిది కాదు.

మా సురభి వాళ్ళలో ఆడవాళ్ళు కృష్ణుడి వేషం కడితే చూశాను. ఎవరూ నవ్వరు, దండం పెడతారు. వేషానికి అక్కడ ఉన్న గౌరవం అది.

మాంగాగూడు | మంగళవారం మధ్యాహ్నం 1:30

మొదట్లో నేను రాసిన మాట, బడి దాటగానే పోయే ఇష్టం అన్నది, రెండు రోజులుగా గుచ్చుకుంటోంది. అలా ఎందుకు రాశానో చెప్పాలి. జపాన్‌లో యుద్ధానికి ముందు ఆడపిల్లల బళ్ళలో ఇలాంటి జంటల్ని "ఎస్" అనేవాళ్ళు, సిస్టర్ అన్న మాటలో మొదటి అక్షరం. అమ్మాయిలు ఉత్తరాలు రాసుకోవడం, రిబ్బన్లు ఇచ్చుకోవడం. నోబుకో యోషియా 1916లో మొదలుపెట్టిన పూల కథలు ఆ ప్రపంచానివే. పెద్దలు దాన్ని పట్టించుకోలేదు, పెళ్ళికి ముందు ముచ్చట అనుకున్నారు కాబట్టి. నేను చదివిన వ్యాసాలన్నీ ఆ మాటే చెప్పాయి, నేనూ అదే వల్లించాను.

యోకొహామా_నుంచి | మంగళవారం రాత్రి 9:05

ఆ నోబుకో యోషియా గారే మోన్మా చియోతో చివరిదాకా కలిసి బతికారు. ఇద్దరు ఆడవాళ్ళు చట్టప్రకారం ఒక కుటుంబం కావడానికి వేరే దారి లేక 1957లో ఆమెని దత్తత తీసుకున్నారు. కామకురలో వాళ్ళుండిన ఇల్లు ఇప్పటికీ ఉంది. బడి దాటగానే పోయేది అన్న మాట ఆ కథలు రాసిన మనిషికే వర్తించలేదు.

చివరిబెంచీ | మంగళవారం రాత్రి 10:20

ఇదే! నేను చెప్పలేకపోయింది ఇదే. యోషిదా ఎక్కడా ఇది పోతుంది అనరు, ఉంటుంది అని కూడా అనరు. షిమిజు కురాతాతో నువ్వంటే నాకు ఇష్టం అని చెబుతుంది. కురాతా తప్పించుకోదు, నవ్వేసి మాట మార్చదు. వింటుంది. నాకు అది చాలు. దానికి పేరు నేను పెట్టనక్కర్లేదని ఇప్పుడనిపిస్తోంది. నా రెండో ప్రశ్న వెనక్కి తీసుకుంటున్నాను.

మాంగాగూడు | మంగళవారం రాత్రి 10:41

సినిమాలో ఫోటో సీను మళ్ళీ చూశాను. వేషాల్లో ఉన్న ఇద్దరూ కెమెరాకి టైమర్ పెట్టి నిలబడతారు. ఒక్కో ఫోటోకీ కొంచెం కొంచెం దగ్గరికి జరుగుతారు. సుగియామా చాటున ఉండి వింటుంది. ఆరేళ్ళ క్రితం ఈ సీను చూస్తూ ఫోన్ కూడా చూసుకున్నట్టున్నాను. ఈసారి చూడలేదు. మాంగా కూడా రేపటి నుంచి మళ్ళీ మొదలుపెడతాను, ఈసారి చెర్రీ తోట పక్కన పెట్టుకుని.

తెరవెనుక | బుధవారం ఉదయం 8:00

మంచిది నాయనా. ఒక మాట గుర్తుపెట్టుకో. చెహోవ్ దాన్ని కామెడీ అనే రాశాడు. 1904 జనవరిలో మాస్కోలో దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ దాన్ని కన్నీళ్ళ నాటకంగా ఆడించాడని ఆయనకి కోపం. ఆ జులైలోనే పోయాడు. నూటిరవై ఏళ్ళుగా ప్రతి దర్శకుడూ ఆ తగువు తీర్చలేక తంటాలు పడుతున్నాడు. ఏటా అదే నాటకం వేసే ఆ పిల్లలు మటుకు నవ్వుతూనే ఏడుస్తారు, మధ్యలో జుట్టు సరిచేసుకుంటారు. నాకు తెలిసి ఆయన అడిగింది అదే.

కృష్ణాతీరం | గురువారం రాత్రి 11:10

మీ అందరికీ చెప్పాలని వచ్చాను.

ఫోటో సీను అన్నారు కదా. నిన్న అటక మీద ట్రంకు పెట్టె దింపించి పాత ఆల్బమ్ వెతికాను. ఆ రోజు మేకప్ రూమ్‌లో తీసిన ఫోటో ఒకటే ఉంది. నేనూ, ఉత్తరా. ఇద్దరం నిటారుగా నిలబడి ఉన్నాం, ఇద్దరి మధ్యా జానెడు ఖాళీ. కొంచెం దగ్గరికి జరగండి అని మాకెవరూ చెప్పలేదు.

ఆ అమ్మాయి ఇప్పుడు డాలస్‌లో ఉంటుంది. ఏడాదికోసారి సంక్రాంతి శుభాకాంక్షలు తప్ప మాటల్లేవు. ఫోటోని సెల్‌తో తీసి పంపాను. ఏం రాయాలో తెలియక ఏమీ రాయలేదు. పొద్దున లేచేసరికి జవాబు వచ్చి ఉంది.

"ఇది మేడమ్ రాకముందు తీసింది. కుచ్చిళ్ళు చూడు, చెదరలేదు."